ఈ వ్రాత ఎవరిది?

మా కేంద్రమున శ్రోతల ఉత్తరములు చూచు బల్ల యొకటి కలదు. ఆ బల్లవద్ద నాలుగేండ్లు కూర్చున్నవారికి ఒక విద్య తమకు తెలియకుండగనే పట్టుపడును. కార్డుపై పేరు చదువకముందే, చిరునామా వ్రాసిన తీరు చూచి, ఇది ఫలానా ఊరి మాస్టారిది, ఇది ఫలానా రైతుగారిది అని చెప్పగలుగుదుము. ఎట్లు చెప్పగలిగితిరని ఎవరైన అడిగినచో మాత్రము మాకు బదులు తోచదు. నడక చూచి దూరమునుండియే మనిషిని పోల్చుకొన్నట్లే ఇదియును.

ఈ విద్య ఒకసారి మమ్ము నలుగురిలో తలవంచుకొనునట్లు చేసినది. కోరిన పాటల కార్యక్రమమునకు ఒక ఊరినుండి రెండు కార్డులు వచ్చినవి. పేర్లు వేరు, దస్తూరి ఒకటే. గుండ్రని అక్షరములు, పొడవైన కొమ్ములు, పోనుపోను పైకెక్కు పంక్తులు. వారమునకు ఒక శ్రోత ఒక పాటనే కోరవలెనని మా నియమము. ఎవరో ఒకరే రెండు పేర్లతో వ్రాసినారని నిశ్చయించుకొని ఒక కార్డును ప్రక్కన పడవేసితిమి. అంతటితో ఊరకున్నను బాగుండెడిది. జాబుల కార్యక్రమమున ఆ సంగతిని పరిహాసముగా ప్రస్తావించితిమి. పదునైదు దినములకు ఆ యింటి పెద్దనుండి ఒక ఉత్తరము వచ్చినది. అందులో కోపము లేదు. తన యిద్దరు కుమార్తెల కాపీ పుస్తకములనుండి రెండేసి పుటలు జతపరచి, ఇద్దరికిని పలకపై అక్షరములు దిద్దించినది వారి తల్లియేనని మాత్రము వ్రాసినారు. మరుసటి వారము శ్రోతలందరి యెదుట క్షమాపణ చెప్పుకొంటిమి. పెద్దమ్మాయి తిరిగి వ్రాసినది. చిన్నమ్మాయి కార్డు మరల రాలేదు.

పాటల కార్డు విషయము గనుక ఇంతటితో పోయినది. ప్రోనోటు క్రింది సంతకము, వీలునామాలోని చివరి పంక్తి, ఊరు పేరు లేని బెదిరింపు జాబు, వీనిపై ఒక కుటుంబము యొక్క ఆస్తియో, ఒక మనిషి యొక్క స్వేచ్ఛయో ఆధారపడియుండును. అట్టి వ్రాత ఎవరిదో తేల్చుటకు న్యాయస్థానములు దస్తూరి నిపుణులను పిలుచుచున్నవి. వారు చూచునదేమి? వారి మాటను ఎంతవరకు నమ్మవచ్చును? ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది ఇదియే.

ముందుగా ఒక భ్రమను తొలగించుకొనవలెను. చేతివ్రాతనుబట్టి మనిషి ఉదారుడో పిసినారియో, ధైర్యశాలియో పిరికివాడో చెప్పుదుమను వారు కొందరు కలరు. వారి విద్య వేరు. దానికి శాస్త్రపు పునాది లేదు. ఇచ్చట మనము మాటాడుచున్న నిపుణుడు వ్రాసినవాని గుణమును గూర్చి ఏమియు చెప్పడు. ఈ రెండు కాగితములను వ్రాసినది ఒకే చేయియా, కాదా అన్నదొక్కటే అతని ప్రశ్న.

మనము అక్షరములు నేర్చునపుడు ఒక్కొక్క గీతను ఆలోచించి గీయుదుము. పదేండ్లు గడచునప్పటికి ఆ పని ఆలోచన చేతులలోనుండి జారి అలవాటు చేతులలో పడును. అటుపిమ్మట మన మనస్సు మాటపై నుండును గాని గీతపై నుండదు. వ్రాత కేవలము వ్రేళ్ల పని కూడ కాదు. చిన్న కార్డుపై మూడు వ్రేళ్లు కదలించి వ్రాసిన 'క', నల్లబల్లపై భుజమంతయు కదలించి సుద్దముక్కతో వ్రాసిన 'క', పరిమాణమున ఎంత వేరైనను, పోలికలో ఒకదానినొకటి విడువవు. అలవాటు వ్రేళ్లలో గాక మెదడులో నాటుకొనియుండుటయే దీనికి కారణము.

ఇందులో రెండు పొరలు కలవు. ఒకటి బడిలో నేర్పిన పొర. ఒక ఉపాధ్యాయుని శిష్యులు, ఒక తరమువారు, ఒక వృత్తివారు ఒక తీరుగా వ్రాయుదురు. మన గ్రామములలో పూర్వము కరణములు వ్రాసిన గొలుసుకట్టు వ్రాతను చూచినవారికి ఇది తెలియును. కలము ఎత్తక, అక్షరమునకు అక్షరము ముడివేయుచు సాగు ఆ వ్రాత క్రొత్తవారికి అంతయు ఒకే మనిషి వ్రాసినట్లు తోచును. ఈ పోలికను పట్టుకొని ఇద్దరిని ఒకరనుకొనుట మొదటి ప్రమాదము. మేము పడినది ఈ గోతిలోనే.

రెండవ పొర ఎవరికి వారు తెచ్చుకొన్నది. మేము ఆ కాపీ పుటలను తరువాత భూతద్దము క్రింద పెట్టి చూచితిమి. అక్కలు చెల్లెండ్ర అక్షరముల రూపమొకటే. కాని పెద్దమ్మాయి ప్రతి అక్షరమునకు తలకట్టు అప్పటికప్పుడే పెట్టుచున్నది. చిన్నమ్మాయి మాట ముగించిన పిమ్మట తలకట్లన్నియు వరుసగా పెట్టుచున్నది. అందుచేత చిన్నమ్మాయి తలకట్లు ఒకే వాలున, ఒకే వేగమున, అక్కడక్కడ అక్షరమునుండి విడివడి యున్నవి. ఒకామె సున్నను పైనుండి మొదలుపెట్టును; రెండవ ఆమె ప్రక్కనుండి మొదలుపెట్టి పూర్తిగా మూయదు. ఒకామె వత్తులు అక్షరము క్రిందనే నిలుచును. రెండవ ఆమెవి కుడివైపునకు జరుగును. ఇవి చూచుటకు దృష్టి పావుగంట నిలిపిన చాలియుండెడిది. పాటల వేళ దాటిపోవునని మాకు తొందర.

నిపుణుడు చూచునది ఈ రెండవ పొరను. అక్షరపు రూపమొకటే కాదు. గీత ఎచ్చట మొదలైనది, ఎచ్చట ముగిసినది, పాళీ కాగితముపై ఎచ్చట వత్తుకొన్నది, ఎచ్చట తేలిపోయినది, మాటకు మాటకు నడుమ ఎడమెంత, గీతలు లేని కాగితముపై పంక్తి ఎటు వాలినది, కలము ఎన్నిసార్లు ఎత్తబడినది, ఇవన్నియు చూచును. తన వ్రాతను మరుగుపరచదలచినవాడు సామాన్యముగా చేయునదేమి? వాలు మార్చును, అక్షరములను పెద్దవి చేయును, ఎడమచేతితో వ్రాయును. అనగా తనకు తెలిసిన వానిని మార్చును. తన సున్న ఎచ్చట మొదలగునో తనకే తెలియనివాడు దానిని ఎట్లు మార్చగలడు?

ఇతరుల సంతకమును అనుకరించువానికి బరువు రెండింతలు. తన అలవాటును విడువవలెను, పరుని అలవాటును పట్టవలెను. రెండును ఒక్కసారి చేయుటకు అతడు వేగము తగ్గించును. వేగము తగ్గగనే గీత చచ్చుపడును. కొనలు మొద్దుబారును; కలము ఆగి చూచుకొన్న తావులలో సిరా చుక్కలు నిలుచును; తృప్తి చాలక చేసిన దిద్దుబాట్లు కనబడును. నిజమైన సంతకమున ఇట్టి దిద్దుబాట్లు అరుదు. తన పేరు తాను సరిగా వ్రాసితినా అని ఎవడు సందేహించును? ముసలివారి వణకు వేరు, దొంగ వణకు వేరు. ముసలివారి చేయి వణకుచునే నిర్లక్ష్యముగా సాగిపోవును. దొంగచేయి జాగ్రత్తగా వణకును.

ఇచ్చట చిత్రమైన సంగతి యొకటి కలదు. ఏ మనిషియు తన సంతకమును రెండుసార్లు అచ్చుగ్రుద్దినట్లు వ్రాయలేడు. రెండు సంతకములు ఒకదానిపై ఒకటి పెట్టినపుడు వెండ్రుకవాసి తేడా లేక కలిసినచో, ఒకటి మరొకదానిపై అద్ది గీసినదని అనుమానింపవలెను. 1860 దశకమున అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున సిల్వియా హౌలండ్ అను సంపన్నురాలి వీలునామాపై తగవు పుట్టినది. వీలునామాకు జతపరచిన పుటపై ఉన్న సంతకము అసలు సంతకముతో సరిగా అతికినది. గణితాచార్యుడు బెంజమిన్ పీర్స్ ఆమె సంతకములు 42 తెప్పించి, ఒక్కొక్క దానిలోని 30 దిగుగీతలను జతలు జతలుగా పోల్చి చూచి, అన్నియు ఇట్లు కలియుట సహజముగా జరుగదగినది కాదని పెద్ద అంకెతో సాక్ష్యమిచ్చెను. న్యాయస్థానము ఆ తగవును మరియొక చట్టసూత్రముపై తేల్చినది. ఆచార్యుని అంకె మాత్రము గ్రంథములలో నిలిచినది. ఒక్కొక్క గీత మిగిలిన గీతలతో సంబంధము లేకుండ కలియునని భావించి గుణించుట సరికాదని తరువాతివారు ఆక్షేపించిరి. ఒకే చేతి గీతలు ఒకదానితో నొకటి చుట్టరికము గలవి గదా!

ఇంతవరకు చెప్పినది విద్యను గూర్చి. ఆ విద్య గలవాడు చేయు పొరపాటునకు లోకమునంతటను పేరు మోసిన నిదర్శనము ఫ్రాన్సు దేశపు డ్రేఫస్ కేసు. దీనిని కొంత విస్తరించి చెప్పుట అవసరము.

1894 సెప్టెంబరులో పారిస్‌లోని జర్మను రాయబార కార్యాలయమున, సైనిక ప్రతినిధి గదిలోని చెత్తబుట్టనుండి, అచ్చట ఊడ్చు స్త్రీ ద్వారా కొన్ని చింపిన కాగితపు ముక్కలు ఫ్రెంచి గూఢచారి శాఖకు చేరినవి. అతికి చూడగా అది పలుచని కాగితముపై వ్రాసిన జాబు. తేదీ లేదు, సంతకము లేదు. ఫ్రెంచి ఫిరంగులు మొదలగువానిని గూర్చిన రహస్య పత్రముల పట్టిక అది. సైనిక కార్యాలయమున ఎవడో ద్రోహి యున్నాడు. ఎవడు? ఫిరంగిదళమునకు చెందిన కాప్టెను ఆల్ఫ్రెడ్ డ్రేఫస్ వ్రాత దీనిని పోలియున్నదని ఒకరికి తోచినది. డ్రేఫస్ యూదుడు. ఆనాటి ఆ కార్యాలయమున యూదులయెడ ద్వేషము కొదువలేదు. కావున పోలిక కన్నులకు సులభముగా కనబడినది.

వ్రాతను మొదట పరీక్షించిన గోబేర్ అను నిపుణుడు బాంక్ ఆఫ్ ఫ్రాన్స్ పత్రములు చూచువాడు. ఈ జాబు మరియొకరు వ్రాసినది కావచ్చునని అతడు చెప్పెను. ఆ మాట అధికారులకు రుచింపలేదు. అపుడు ఆల్ఫాన్స్ బెర్టిలాన్‌ను పిలిచిరి. ఇతడు సామాన్యుడు కాడు. నేరస్థుల శరీరములను కొలిచి గుర్తుపట్టు పద్ధతిని కనిపెట్టి ప్రపంచమంతట ఖ్యాతి గన్నవాడు. మన దేశమున బెంగాలు పోలీసులు కూడ వేలిముద్రలకు ముందు అతని కొలతల పద్ధతినే వాడిరి. కాని కొలతల విద్య వేరు, దస్తూరి విద్య వేరు. ఉదయము కాగితములు పుచ్చుకొన్న బెర్టిలాన్ ఆ సాయంకాలమునకే వ్రాసినది డ్రేఫస్ అని తేల్చివేసెను. అక్టోబరు 15వ తేదీని డ్రేఫస్‌ను పిలిపించి, తన వ్రేలికి గాయమైనదను నెపమున ఒక అధికారి అతనిచే ఒక ఉత్తరము వ్రాయించెను. చేయి వణకుచున్నదేమని నడుమ గద్దించెను. వ్రేళ్లు చల్లబడినవని డ్రేఫస్ బదులు చెప్పెను. అచ్చటనే అతనిని నిర్బంధించిరి.

తరువాత మరి ముగ్గురు నిపుణులు చూచిరి. వారిలో ఒకడు డ్రేఫస్ వ్రాత కాదనెను, ఇద్దరు ఔననిరి. మొత్తమున ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు. ఇట్టి భేదాభిప్రాయముపై ఒక మనిషిని ద్రోహి యనవచ్చునా? డిసెంబరులో సైనిక న్యాయస్థానము, ముద్దాయికి చూపని రహస్యపు కట్ట నొకదానిని కూడ చాటున చదివి, ఏకగ్రీవముగా అతనిని దోషి యన్నది. 1895 జనవరి 5వ తేదీని సైనిక పాఠశాల ప్రాంగణమున, గుంపులు కేకలు వేయుచుండగా, అతని దుస్తులపై చిహ్నములు చింపి, కత్తి విరిచిరి. దక్షిణ అమెరికా తీరముననున్న దయ్యపు దీవికి పంపిరి. అచ్చట నాలుగేండ్లకు పైగా ఏకాంత ఖైదు.

ఇక బెర్టిలాన్ వాదమును వినుడు. జాబులోని వ్రాత డ్రేఫస్ వ్రాతను పోలిన తావులు కలవు. పోలని తావులును కలవు. పోలని తావుల మాటేమి? డ్రేఫస్ తన వ్రాతను తానే దొంగవ్రాతగా అనుకరించి, పట్టుపడినచో ఎవరో తన వ్రాతను అనుకరించిరని చెప్పుకొనుటకై కొన్ని అక్షరములు తన ఆప్తుల దస్తూరినుండి తెచ్చి చేర్చెనని బెర్టిలాన్ చెప్పెను. పోలినచో నేరస్థుడు, పోలకున్నను నేరస్థుడే. ఇట్టి వాదమునకు ఎదుట ఏ నిర్దోషి నిలువగలడు? గళ్ల కాగితములు పరచి, గణితపు లెక్కలు చేర్చి, పటములు గీసి బెర్టిలాన్ దీనిని ఏండ్ల తరబడి సమర్థించుకొనెను. అతడు లంచము తిన్నవాడు కాడు. తన మాటను తాను నిజముగా నమ్మినవాడు. మాకు భయము కలిగించునది ఇదియే.

1896లో గూఢచారి శాఖకు క్రొత్తగా అధిపతియైన పికార్ అను అధికారి మరియొక కాగితమువలన ఎస్తర్‌హాజీ అను మేజరుపై అనుమానపడి, అతడు ఉద్యోగము కోరుచు వ్రాసిన ఉత్తరములను తెప్పించెను. చూడగనే నివ్వెరపోయెను. చెత్తబుట్ట జాబు, ఈ ఉత్తరములు ఒకే చేతివి. పేరు కప్పివేసి బెర్టిలాన్‌కు చూపించెను. ఇది ఆ జాబు వ్రాతయే యని బెర్టిలాన్ ఒప్పుకొనెను. ఇది ఇటీవల వ్రాసినదని చెప్పగా, అట్లైన యూదులు డ్రేఫస్ వ్రాతను అనుకరించుట ఎవనికో నేర్పినారనెను!

ఆ జాబు ప్రతిరూపమును 1896 నవంబరులో 'ల మతాఁ' పత్రిక అచ్చువేసినది. మరుసటి సంవత్సరము దాని అచ్చుప్రతిని చూచిన ఒక బాంకరు తన ఖాతాదారుడైన ఎస్తర్‌హాజీ దస్తూరిని ఇట్టే పోల్చుకొనెను. అతడు నిపుణుడు కాడు. రోజును ఉత్తరములు చూచువాడు, మా బల్లవద్ద కూర్చున్నవారివంటివాడు. ఇట్టివారి చూపు ఒకప్పుడు మోసపోవును, ఒకప్పుడు సత్యమును పట్టును. ఐనను 1898 జనవరిలో సైనిక న్యాయస్థానము, ఇది ఎస్తర్‌హాజీ వ్రాత కాదన్న మరి ముగ్గురు నిపుణుల మాట విని, అతనిని విడిచిపెట్టినది. రెండు దినములకు నవలా రచయిత ఎమిలీ జోలా దేశాధ్యక్షునకు వ్రాసిన బహిరంగ లేఖలో ఆ ముగ్గురు నిపుణులను గూడ పేరుపెట్టి నిందించెను.

తుదకు చిక్కుముడి విడివడుటకు దారి తీసినది అక్షరము కాదు, కాగితము. డ్రేఫస్ నేరమును బలపరచుటకై కర్నల్ ఆన్రీ ఒక జాబును కల్పించియుండెను. రెండు వేర్వేరు జాబుల ముక్కలు చేర్చి అతికిన కల్పన అది. 1898 ఆగస్టులో కుయిన్యే అను కాప్టెను రాత్రివేళ దానిని దీపపు వెలుతురున పట్టి చూచెను. కాగితముపై ముందే అచ్చువేసిన సన్నని గళ్ల గీతలు ఒక ముక్కపై ఒక రంగు, వేరొక ముక్కపై వేరొక రంగుగా కనబడినవి. ఆన్రీ నేరమొప్పుకొని, మరుదినము చెరలో ప్రాణము తీసికొనెను. 1899లో డ్రేఫస్‌ను మరల విచారించిన సైనిక న్యాయస్థానము మరల దోషియే యన్నది, దేశాధ్యక్షుడు క్షమించెను. 1904లో హెన్రీ పోంకారే మొదలుగా ముగ్గురు మహాగణితజ్ఞులు బెర్టిలాన్ లెక్కలను పరీక్షించి, అందులో శాస్త్రీయమైన విలువ ఏమియు లేదని నివేదించిరి. 1906 జులై 12వ తేదీని ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానము శిక్షను రద్దుచేసినది. పండ్రెండేండ్ల కథ.

ఈ కథనుండి దస్తూరి విద్య నేర్చుకొన్న పాఠములు చిన్నవి కావు. వ్రాతలలో సహజమైన మార్పు వేరు, మౌలికమైన భేదము వేరు. ఒకే మనిషి 'త' అక్షరమును పదిసార్లు పది తీరులుగా వ్రాసినను, ఆ పదియు ఒక పరిధిలోపల నుండును. ఆ పరిధికి వెలుపల పడిన భేదము ఒక్కటి గట్టిగా నిలిచినను, పోలికలు ఇరువది యున్నను, నిపుణుడు ఆగవలెను. ఆ భేదమునకు కథ అల్లి సమాధానము చెప్పుకొనరాదు. ఆల్బర్ట్ ఆస్‌బర్న్ అను అమెరికా నిపుణుడు 1910లో వివాదపత్రములపై ప్రకటించిన గ్రంథము ఈ పరీక్షను పద్ధతిలో పెట్టినది. అభిప్రాయమునకు కారణములు చూపవలెను, ఆ కారణములను పెద్దవిచేసిన ఛాయాచిత్రములపై న్యాయమూర్తి తన కన్నులతో తాను చూడగలుగవలెను అను ఆచారము బలపడినది. అనుమానితుడెవడో, పోలీసువారేమి తలచుచున్నారో నిపుణునికి ముందుగా చెప్పకుండుటయే మేలని కూడ నేడు చెప్పుచున్నారు.

పోల్చుటకు తెచ్చిన నమూనాలు మంచివి కాకున్న ఎంత నిపుణుడైనను మోసపోవును. 1983 ఏప్రిలులో జర్మనీలోని 'ష్టెర్న్' వారపత్రిక హిట్లరు దినచర్య పుస్తకములు దొరకినవని ప్రకటించినది. అంతకుముందే దస్తూరి నిపుణులు వానిని చూచి ఒకే చేతివ్రాత యనిరి. అది నిజమే! వారికి హిట్లరు వ్రాతలని ఇచ్చిన నమూనాలలో కొన్ని, ఆ దినచర్యలు వ్రాసిన కొన్రాడ్ కుయావు అను మోసగాడే వ్రాసినవి. రెండు వారములు తిరుగకముందే కాగితమును పరీక్షించిన ప్రభుత్వ శాస్త్రజ్ఞులు, అందులో యుద్ధానంతరమే వాడుకలోనికి వచ్చిన తెల్లదనపు రసాయనము కలదని గుట్టు బయటపెట్టిరి. ఇచ్చటను కాగితమే సాక్షి.

మన దేశపు న్యాయస్థానములు ఈ విద్యను ఎట్లు చూచినవి? 1872 సంవత్సరపు సాక్ష్య చట్టము 45వ విభాగమున దస్తూరి నిపుణుని అభిప్రాయమునకు చోటిచ్చినది. ఒకరి వ్రాతతో బాగుగా పరిచయముగలవారు, అనగా ఉత్తరములు అందుకొన్న మిత్రులు, కూడ వ్రాసిన గుమస్తాలు, 47వ విభాగము క్రింద సాక్ష్యము చెప్పవచ్చును. 73వ విభాగము క్రింద న్యాయమూర్తి తానే పోల్చి చూడవచ్చును, ఎదుటివానిచే తన సమక్షమున వ్రాయింపవచ్చును. 2024 జులై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమమున ఈ మూడును వరుసగా 39, 41, 72 విభాగములుగా కొనసాగుచున్నవి. తనకు వ్యతిరేకముగా తానే సాక్ష్యమిమ్మని ముద్దాయిని బలవంతపెట్టరాదని మన రాజ్యాంగము చెప్పుచుండ, అతనిచే నమూనా వ్రాయించుట న్యాయమా అను ప్రశ్నకు 1961లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు పదునొకండుగురు కూర్చుండి సమాధానమిచ్చిరి. నమూనా వ్రాత తనంత తాను నేరము చెప్పునది కాదు గనుక అది నిషిద్ధము కాదనిరి.

నిపుణుని మాట యొక్కటియే చాలునా అను ప్రశ్న మురారీలాల్ కేసులో వచ్చినది. మధ్యప్రదేశమున జరిగిన హత్య అది. హతుని గదిలో మారుపేరుతో హిందీలో వ్రాసిన చీటీ దొరకినది. ఆ దస్తూరి ముద్దాయిదని నిపుణుడు చెప్పెను. సుప్రీంకోర్టు పక్షమున ఈ తీర్పు వ్రాసినది మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డిగారు. 1980 తీర్పుల సంపుటములలో దానిని చదువవచ్చును. నిపుణుని నేరములో భాగస్వామి వలె అనుమానింపనక్కరలేదు. వేరొక సాక్ష్యము బలపరచిననే తప్ప అతని మాటను పాటింపరాదను కఠిన నియమమును లేదు. కాని దస్తూరి శాస్త్రము వేలిముద్రల శాస్త్రమంతటి నిశ్చయము గలది కాదు గనుక, కారణములను గాలించి చూచి జాగ్రత్తతో నడువవలెను అని ఆ తీర్పు సారము. నిపుణుడు చూపిన కారణములను పరిశీలించి, ఆ కేసులో అతని మాటను అంగీకరించిరి. మాకు ఈ వైఖరి న్యాయముగా తోచుచున్నది.

ఎంత జాగ్రత్త అవసరమో ఇటీవలి అంకెలు చెప్పుచున్నవి. 2022లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 86 మంది నిపుణులకు, నిజము ముందే తెలిసిన వ్రాతల జతలను ఇచ్చి పరీక్షించిరి. వేర్వేరు మనుష్యులు వ్రాసిన వానిని ఒకే మనిషి వ్రాసినవని తప్పుగా చెప్పినది నూటికి 3.1 వంతులు. ఒకే మనిషి వ్రాసినవానిని కాదన్నది నూటికి 1.1 వంతులు. కవలలు వ్రాసిన జతలలో మొదటి రకపు తప్పు నూటికి 8.7 వరకు పెరిగినది. ఒకే యింట ఒకే పలకపై దిద్దినవారిని పోల్చుట నిపుణులకే ఇంత కష్టమైనపుడు, మా ఉత్తరముల బల్ల ఏపాటిది!

రేడియో వినుచున్న మీ యింట ఎప్పుడైన ఇట్టి తగవు తటస్థించినచో చేయదగిన పనులు కొన్ని కలవు. వివాదములోనున్న కాగితముపై గీతలు గీయరాదు, గుండుసూది గ్రుచ్చరాదు, క్రొత్తగా మడతలు పెట్టరాదు, పొర అంటించి బిగింపరాదు. ఒక కవరులో విడిగా ఉంచవలెను. నకలుతో తృప్తిపడరాదు. పాళీ వత్తిడి, ఏ గీతపై ఏ గీత పోయినదను సంగతి నకలులోను, చేతిఫోను చిత్రములోను సరిగా తెలియవు. పోల్చుటకు నమూనాలు వెదకునపుడు తగవు పుట్టకమునుపు వ్రాసినవానిని వెదకవలెను. కిరాణా పద్దులు, పాత జాబులు, బాంకు చెక్కులు, బడి దరఖాస్తులు ఏవైనను సరే. తెలుగు వ్రాతకు తెలుగు వ్రాతనే, సంతకమునకు సంతకములనే, సాధ్యమైనంతవరకు అదే సంవత్సరమునకు చెందినవానిని చేర్చవలెను. ఒకటి రెండు చాలవు. పది, ఇరువది యున్న గాని ఆ చేతి పరిధి తెలియదు. జబ్బుపడిన పెద్దల విషయమున జబ్బునాటి వ్రాతలే కావలెను. ఆరోగ్యముగా ఉన్ననాటి సంతకముతో పోల్చినచో నిజమైన వీలునామా కూడ దొంగదిగా కనబడవచ్చును. ఇన్ని యిచ్చినను నిపుణుడు తేల్చి చెప్పజాలనని వ్రాసి పంపవచ్చును. అతడు పని చేతకానివాడని అనుకొనరాదు.

మా సొరుగులోని నాలుగు కాపీ పుటలను ఆ యింటికి తిరిగి పంపవలసియున్నది. అవి ఆ అమ్మాయిలవి.